ఆశీలు చీటీ ఉంది, లైసెన్సు లేదు

ఊడుపులు అయిపోయాయి. కలుపు పని పట్టుమని పది రోజులు దొరకదు. చెరుకు నరుకుడు మొదలు కావాలంటే ఇంకా నెలలు ఆగాలి. ఈ మధ్యకాలంలో చోడవరం చుట్టుపక్కల కూలి ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? రైతు దగ్గర నాలుగు ఆనపకాయలు, అయిదు కిలోల వంకాయలు, పది కట్టల తోటకూర అరువుకు తెచ్చుకుని, తెల్లారకముందే ఆటో ఎక్కి, చోడవరం రోడ్డు పక్కన గోనెపట్టా పరుస్తుంది ఆ ఇంటి ఆడమనిషి. ఎండాకాలం తాటిముంజలు, వానాకాలం మొక్కజొన్న పొత్తులు, ఆ తర్వాత సీతాఫలాలు. పొలంలో ఆమె కూలి, రోడ్డు మీద వ్యాపారి. కానీ పొలంలో కూలి అని రాసిన కాగితం లేదు, రోడ్డు మీద వ్యాపారి అని రాసిన కాగితమూ లేదు.

ఆ కాగితం కోసం ఆమె బయల్దేరిందనుకుందాం. పేరెందుకు? ఇలాంటి తల్లులు ప్రతి పేటలోనూ ఉన్నారు.

"బాబూ, నాను రోడ్డు పక్కన కూరలమ్ముకుంతన్నాను. ఎవులూ లెగ్గొట్టకుండా ఒక కాయితం రాసియ్యండి" అని అడుగుతుంది.

ఏ పంచాయతీ ఊళ్ళోనైనా ఆమెకు వచ్చే జవాబులు మనకు తెలిసినవే. పంచాయతీని అడిగితే రోడ్డు ఆర్ అండ్ బీది, మాది కాదంటారు. ఆర్ అండ్ బీని అడిగితే రోడ్డు నడవడానికమ్మా, అమ్ముకోవడానికి కాదంటారు. పోలీసును అడిగితే ముందు ఆ గంప తియ్యి అంటాడు. మూడు గుమ్మాలు తిరిగితే ఒక పూట కూలి పోయింది, కాయలు వాడిపోయాయి.

కానీ ఆశీలు వసూలు చేసేవాడికి మాత్రం ఈ అనుమానాలేవీ లేవు. రోడ్డు ఎవరిదని అతను అడగడు. గంప దించీ దించకముందే చీటీ చింపి చేతిలో పెడతాడు. పంచాయతీలు ఆశీలు వసూలును వేలం వేసి, ఎక్కువకు పాడినవాడికి అప్పజెప్పడం పాత వాడుక. పాడినవాడు పాటసొమ్ముకు పైన తన లాభం కూడా ఈ గంపల మీదే రాబట్టుకోవాలి కదా! మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. కూర్చునే హక్కు లేదన్నప్పుడు కూర్చున్నందుకు డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? డబ్బు తీసుకున్నప్పుడు కూర్చోనివ్వరెందుకు?

చట్టం పట్నం పొలిమేర దాకానే

వీధిలో అమ్ముకునేవాళ్ళకు చట్టం లేకపోలేదు. అది ఎవరో దయతలచి ఇచ్చిందీ కాదు. దేశమంతటా వీధి వ్యాపారులు దశాబ్దాల తరబడి దెబ్బలు తిని, కోర్టుల చుట్టూ తిరిగి సాధించుకున్నది. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో వ్యాపారం చేసుకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడి రాజ్యాంగం 19వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని చెప్పింది. 2010లో గైందారామ్ కేసులో, 2011 జూన్ 30 లోగా చట్టం చెయ్యమని గడువు పెట్టింది. ఆ గడువూ దాటింది. చివరికి 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం చేసింది. ఆ ఏడు మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో ఏముంది? అయిదేళ్ళకొకసారైనా వీధి వ్యాపారుల సర్వే జరగాలి. సర్వేలో తేలినవాళ్ళకు అమ్మకపు ధ్రువపత్రం ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపరాదు. ఆ తర్వాత లేపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. రుసుము కట్టాక పాడైపోయే సరుకును అదే రోజు, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. ధ్రువపత్రం లేకుండా అమ్మితే రెండు వేల రూపాయల దాకా జరిమానా కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇవన్నీ చదివి సంతోషపడేలోగా మొదటి వాక్యం చూడండి. ఇది "పట్టణ" వీధి వ్యాపారుల హక్కుల కోసం చేసిన చట్టం. అమలు బాధ్యత మునిసిపాలిటీలది, నగర పంచాయతీలది. అనకాపల్లి 2013లో విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసింది కనుక అక్కడ గంప దించినవాళ్ళు ఈ చట్టం పేరు చెప్పి అడగగలరు. అక్కడికి గంటలోపు బస్సు ప్రయాణంలో ఉన్న చోడవరంలో దించితే?

చోడవరం కథే వేరు. 2011 జనాభా లెక్కల్లో దీన్ని సెన్సస్ టౌన్‌గా రాసుకున్నారు. అంటే అయిదు వేలకు పైగా జనం, చదరపు కిలోమీటరుకు 400కు తగ్గని సాంద్రత, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది సేద్యంలో లేనివాళ్ళు. లెక్కకు పట్నమే, పాలనకు మాత్రం పంచాయతీ. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గానీ గోనెపట్టా కింద నేల గట్టిపడలేదు.

అప్పు వేరు, హక్కు వేరు

"మీకు అప్పులిచ్చాం కదా" అంటారు పాలకులు. 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి పేరుతో పది వేల అప్పు పథకం పెట్టింది. అదే ఏడు నవంబరులో రాష్ట్రంలో అప్పటి ప్రభుత్వం జగనన్న తోడు పేరుతో వడ్డీ భారం లేకుండా పది వేలు ఇప్పించింది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం స్వనిధిని 2030 మార్చి దాకా పొడిగించి, మొదటి విడతను 15 వేలకు పెంచి, సెన్సస్ టౌన్లకు కూడా దశలవారీగా వర్తింపజేస్తామంది. మంచిదే. చోడవరం వంతు ఎప్పుడో గట్టిగా అడగాలి. కానీ అప్పు తెచ్చి సరుకు కొన్నాక కూర్చోడానికి జాగా లేకపోతే ఆ అప్పు తీరేదెట్లా? మెడకు తాడవుతుంది. ముందు జాగా, తర్వాత అప్పు.

వ్యవసాయ కూలీలు గుర్తుంచుకోవలసిన మెలిక ఇంకొకటి ఉంది. 2014 చట్టం కింద ధ్రువపత్రం కావాలంటే "నాకు వేరే జీవనాధారం లేదు" అని హామీ రాసివ్వాలి. ఏడాదిలో సగం చెరుకు నరికి, సగం కూరలమ్మే మనిషి ఏమని రాయాలి? కూలి ఉందని రాస్తే కాగితం రాదు. లేదని రాస్తే రేపు ఎవడో ఆ మాట పట్టుకుని పత్రం రద్దు చేయిస్తానని బెదిరిస్తాడు. రెండు పనులు చేసినా ఒక్క కడుపు నిండని మనిషిని "నీకు రెండు జీవనాధారాలున్నాయి" అనడం ఎంత అన్యాయం! ఆ షరతు పట్నాల్లో కూర్చుని రాసింది. పల్లె కూలి బతుకు రాసినవాళ్ళ కంటికి ఆనలేదు.

ఏం చెయ్యాలి?

ఒకటి, ఆశీలు చీటీ పారెయ్యకండి. అది లైసెన్సు కాదు. కానీ ఫలానా తేదీన మీరు అక్కడ అమ్ముకున్నారనడానికి సాక్ష్యం. చీటీ ఇవ్వకపోతే అడగండి. చీటీ లేకుండా డబ్బివ్వకండి.

రెండు, ఒక్కరే వెళ్ళకండి. పదిమంది కలిసి పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది.

మూడు, సమాచార హక్కు చట్టం వాడండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. ఆశీలు పాట ఎంతకు పోయింది, గంపకెంత, తోపుడుబండికెంత, ఆ డబ్బులో నీళ్ళకు, నీడకు, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

నాలుగు, గ్రామసభలో తీర్మానం పెట్టించండి. అమ్ముకునే జాగా గుర్తించాలి, తలమీద మోసుకొచ్చే గంపకు ఆశీలు ఎత్తెయ్యాలి, వేరే చోటు చూపకుండా లేపరాదు. 2014 చట్టంలో స్థానిక సంస్థ అంటే, పట్టణంలో పౌరసేవలు చూస్తూ వీధి వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే "ఇతర సంస్థ" కూడా అనే మాట ఉంది. సెన్సస్ టౌన్ పంచాయతీ అందులోకి ఎందుకు రాదని ఆ మాట పట్టుకుని వాదించండి.

అయిదు, డబ్బిస్తే లైసెన్సు తెస్తానన్న దళారీని నమ్మకండి. లేని కాగితాన్ని ఎవడూ తేలేడు.

ఇక అసలు డిమాండు రాష్ట్ర ప్రభుత్వం మీద. సంతలు, బజార్లు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశమే. స్థానిక పాలనా అంతే. పంచాయతీ ఊళ్ళలో వీధి వ్యాపారులకు రక్షణ ఇచ్చే చట్టం చెయ్యడానికి ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. అందులో వ్యవసాయ కూలి కూడా వీధి వ్యాపారేనని స్పష్టంగా రాయాలి.

పొలంలో కూలి రేటు అడిగిన గొంతే రోడ్డు మీద జాగా కూడా అడగాలి. కూలి సంఘానికి పొలం గట్టుతో పని అయిపోలేదు. గంప దించిన చోటికి కూడా సంఘం రావాలి.