క్షేత్ర మెష్ రేడియోలలో మల్టీకాస్ట్ అమరిక

విశాలమైన పరిశోధన క్షేత్రంలో నేల తేమ సెన్సార్లు, కెమెరాలు, మోటారు నియంత్రణ పరికరాలను కలపడానికి వైఫై మెష్ రేడియోలు అనువైనవి. ఒకే సమాచారాన్ని అనేక పరికరాలకు ఒకేసారి పంపే పద్ధతి మల్టీకాస్ట్. తీగలపై ఇది పొదుపు. గాలిలో మాత్రం భారం కావచ్చును.

యూనికాస్ట్‌లో సమాచారం అందినట్లు రసీదు వస్తుంది. రాకపోతే రేడియో మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్‌కు సాధారణంగా రసీదు ఉండదు. పైగా దూరపు రేడియోకు సైతం అందాలని దానిని తక్కువ వేగంతో పంపుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఈ వేగం తరచుగా సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే. అప్పుడు 2 మెగాబిట్ల కెమెరా ప్రసారం ఒక్కటే ఛానలును నింపివేసి, సెన్సార్ల రీడింగులకు అడ్డుపడుతుంది.

అందువలన మూడు అమరికలు అవసరం. మొదటిది, కోరిన పరికరాలకే ప్రసారం చేరేలా ఐజీఎంపీ స్నూపింగ్‌ను ప్రారంభించాలి. నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేకుంటే సభ్యత్వ గడువు తీరి ప్రసారం ఆగిపోవచ్చును. రెండవది, అందుకొనే పరికరాలు కొద్దివైతే మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చాలి. మూడవది, లింకులన్నీ బలంగా ఉన్నప్పుడే మల్టీకాస్ట్ వేగాన్ని పెంచాలి. లేనిచో చివరి రేడియోకు ప్రసారం అందదు.

నీటి వాల్వు మూసే ఆదేశాన్ని మాత్రం మల్టీకాస్ట్‌కు వదలరాదు. అది దారిలో పోయినా పంపినవారికి తెలియదు. మడి మునిగిన తరువాతే తెలుస్తుంది. అటువంటి ఆదేశం యూనికాస్ట్‌లో వెళ్లాలి, వాల్వు మూసుకున్నట్లు తిరుగు సమాచారం రావాలి.