ఓవెన్ తుడవడానికి భయమెందుకు?

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో వానమబ్బుల్ని పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. అది వాడేవి ఎస్-బ్యాండ్ మైక్రోవేవ్ తరంగాలు. వంటింట్లో చేపల పులుసు వేడిచేసే ఓవెన్‌దీ అదే శ్రేణి, 2.45 గిగాహెర్ట్జ్. అసలు ఓవెన్ పుట్టిందే రాడార్ పనిలోంచి. 1945లో అమెరికాలోని రేథియాన్ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ రాడార్‌లో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌తో తినే పదార్థాలు వేడెక్కుతాయని గుర్తించాడు. ఈ చుట్టరికం వల్ల ఓవెన్ అంటే గౌరవం పెరగాలి గానీ భయం కాదు.

అపోహ: స్విచ్ ఆపినా లోపల రేడియేషన్ నిలిచి ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టకూడదు.

వాస్తవం: బల్బు ఆర్పితే వెలుతురు పోయినట్టే, మాగ్నెట్రాన్‌కు కరెంటు ఆగగానే తరంగాలూ ఆగిపోతాయి. గోడల్లో, గిన్నెల్లో ఏమీ మిగలదు. ప్లగ్ తీసి నిశ్చింతగా తుడవండి. పై డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత విద్యుత్తు ఉండొచ్చు.

అపోహ: తరంగాలే క్రిముల్ని చంపేస్తాయి, కడగక్కర్లేదు.

వాస్తవం: తరంగాలు ముఖ్యంగా వేడెక్కించేది తడి ఉన్న పదార్థాన్ని. గోడ మీద ఎండిపోయిన మరక అంతగా కాగదు. స్పెయిన్ పరిశోధకులు 30 ఓవెన్లను పరీక్షించి, లోపల బ్యాక్టీరియా బతికే ఉందని 2024లో ప్రకటించారు.

అపోహ: స్టీలు పీచుతో రుద్దితేనే జిడ్డు వదులుతుంది.

వాస్తవం: పీచు పూతను గీకేస్తుంది. ఒకపక్క పులికాట్ సరస్సు, మరోపక్క బంగాళాఖాతం ఉన్న శ్రీహరికోట ఉప్పుగాలిలో ఆ గీత తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. గాజుగిన్నెలో కప్పు నీళ్లు, నాలుగు నిమ్మచెక్కలు వేసి మూడు నిమిషాలు వేడిచేసి, తలుపు తీయకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. ఎండిన పులుసు ఆవిరికి నాని, మెత్తని గుడ్డకే ఊడొస్తుంది. నిమ్మ నీచువాసన తగ్గిస్తుంది, నానబెట్టేది ఆవిరే. నీళ్లలో చెక్క గరిటె ఒకటి వేయడం మరవొద్దు. లేకపోతే నీళ్లు పొంగకుండానే మితిమీరి కాగి, కదపగానే ముఖం మీదికి ఎగజిమ్మే ప్రమాదం ఉంది.

అపోహ: లోపలి గోడకున్న అట్టముక్క ప్యాకింగ్‌ది, పీకేయొచ్చు.

వాస్తవం: అది చాలా ఓవెన్లలో అభ్రకంతో చేసిన పలక. మన గూడూరుకు పేరు తెచ్చిన ఖనిజమే. వేడికి కాలదు, తరంగాలను అడ్డుకోదు, ఆవిరీ నూనె తుంపరలూ మాగ్నెట్రాన్ వైపు పోకుండా కాస్తుంది. దాని మీద జిడ్డు పేరుకుంటే మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గు దగ్గరే నిప్పురవ్వలు లేస్తాయి. ఓవెన్ చెడిపోయిందని చాలామంది కంగారుపడేది అప్పుడే. తడి పిండేసిన గుడ్డతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాకే ఓవెన్ వాడండి. మాడి చిల్లు పడితే మాత్రం కొత్త పలక వేయించేదాకా స్విచ్ వేయొద్దు.