ప్రజా మురుగు కాలువలలోకి వ్యర్థజలాల విడుదల: ప్రమాణాల ఆధారం, పరిమితులు

కీలక పదాలు: మురుగు కాలువ, వ్యర్థజలాలు, బీఓడీ, శుద్ధి కేంద్రం, మూసీ.

ఉపోద్ఘాతం

సాధారణ ప్రమాణాల ప్రకారం, ఒక కర్మాగారం నదిలోకి నేరుగా వదిలే వ్యర్థజలాలలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బీఓడీ) లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. అవే జలాలను ప్రజా మురుగు కాలువలోకి వదిలితే 350 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. 1986 నాటి పర్యావరణ (పరిరక్షణ) నియమాల ఆరవ షెడ్యూలు ఈ హద్దులను నిర్ణయించింది. దాదాపు పన్నెండు రెట్ల ఈ సడలింపు ఏ ఊహపై నిలిచి ఉందో, ఆ ఊహ నిజం కానిచోట ఏమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టపరమైన నేపథ్యం

1974 నాటి జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టంలోని 24వ సెక్షను విషపూరిత, హానికర పదార్థాలను నదులు, బావులతో పాటు మురుగు కాలువలలోకి వదలడాన్నీ నిషేధించింది. 25వ సెక్షను ప్రకారం వ్యర్థజలాల విడుదలకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు సమ్మతి అవసరం. మురుగును మోసే గొట్టం గానీ కాలువ గానీ, మూసి ఉన్నా తెరిచి ఉన్నా, ఈ చట్టం దృష్టిలో మురుగు కాలువే.

స్థానిక నిబంధనలు దీనికి తోడవుతాయి. హైదరాబాదులో మురుగునీటి వ్యవస్థ 1989 నాటి ప్రత్యేక చట్టంతో ఏర్పడిన మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి అధీనంలో ఉంది. ఇటువంటి స్థానిక నిబంధనలు సాధారణంగా మూడు రకాల పదార్థాలను అడ్డుకుంటాయి: ప్రవాహానికి ఆటంకం కలిగించేవి, గొట్టాన్ని దెబ్బతీసేవి, మంటకు లేదా విషవాయువుకు కారణమయ్యేవి.

సడలింపు వెనుక ఊహ

బీఓడీ అంటే సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ పరిమాణం. శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులు ఈ భారాన్ని తగ్గించగలవు. కాలువ చివర అటువంటి కేంద్రం పనిచేస్తున్నదన్న ఊహే సడలింపుకు ఆధారం. తేలియాడే ఘనపదార్థాల పరిమితి 100 నుంచి 600 మిల్లీగ్రాములకు పెరగడమూ ఇందువల్లనే.

పాదరసానికి మాత్రం రెండుచోట్లా 0.01 మిల్లీగ్రామే హద్దు. సీసానికి నదిలో 0.1, మురుగు కాలువలో 1.0 మిల్లీగ్రాము. అయితే సీసాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయలేవు. అది నీటి నుంచి వేరుపడినా బురదలో చేరుతుంది. ఆ బురదను ఎరువుగా వాడితే పొలానికి చేరుతుంది. కాబట్టి లోహాల విషయంలో సడలింపు భారాన్ని తొలగించదు, స్థలం మారుస్తుంది.

శుద్ధి కేంద్రం ఉండాలన్న షరతును 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు స్పష్టంగా పలికాయి. చివర శుద్ధి కేంద్రం లేని కాలువలోకి ఆసుపత్రి నీరు వదిలితే బీఓడీ 30 మిల్లీగ్రాములు దాటరాదు. కేంద్రం ఉన్నప్పుడే సాధారణ ప్రమాణాలు వర్తిస్తాయి.

మూసీ పరీవాహకంలో ఈ షరతు విలువ తెలుస్తుంది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల శుద్ధి కేంద్రం ఉన్నప్పటికీ, దశాబ్దాలుగా నాలాల ద్వారా శుద్ధి కాని మురుగు నదిలో కలిసింది. దిగువ గ్రామాలలో ఆ నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. శుద్ధి కేంద్రానికి చేరని మురుగుకు 350 అనే అంకె వర్తిస్తే, అది నదికి ఇచ్చిన 30 అనే రక్షణను రద్దు చేసినట్లే.

ఖాళీ గడులు

ప్రమాణాల పట్టికలో మురుగు కాలువల గడిలో సల్ఫైడుకు హద్దు లేదు. నదికి మాత్రం 2 మిల్లీగ్రాములు. గాలి ఆడని కాలువలో సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. నీటి ఆమ్లత పెరిగేకొద్దీ అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా వెలువడుతుంది. అనుమతించిన కనిష్ఠ పీహెచ్ 5.5 వద్ద కరిగి ఉన్న సల్ఫైడు దాదాపు అంతా ఈ రూపంలోనే ఉంటుంది. ఈ వాయువు గొట్టం పైభాగంలో గంధకామ్లంగా మారి కాంక్రీటును తినివేస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుని ప్రాణం తీస్తుంది. 2013 నాటి చట్టం ప్రమాదకర రీతిలో మురుగు కాలువల శుభ్రతకు మనుషులను వినియోగించడాన్ని నిషేధించింది. కానీ ఆ ప్రమాదాన్ని పెంచే జలాలకు పట్టికలో హద్దు లేకపోవడం గమనార్హం.

ముగింపు

మురుగు కాలువ ప్రమాణం ఒక షరతుతో కూడిన అనుమతి. కాలువ ఏ శుద్ధి కేంద్రానికి చేరుతుందో ప్రతి సమ్మతిపత్రంలో పేర్కొనడం, అది లేనిచోట నదీ ప్రమాణాన్నే వర్తింపజేయడం, సల్ఫైడుకు స్థానిక హద్దు నిర్ణయించడం అవసరం. ఇవి లేకపోతే కర్మాగారానికి దక్కిన సడలింపు మూల్యాన్ని దిగువ రైతు, కాలువలోకి దిగే కార్మికుడు చెల్లించవలసి వస్తుంది.