డోన్ ప్రయాణికుడి లెక్క: బస్సు, రైలు, సొంత బండిపై అపోహలు – వాస్తవాలు

అపోహ: ప్రజా రవాణా మహానగరాల వ్యవహారం, డోన్ వంటి ఊళ్లలో సొంత బండి లేనిదే పని జరగదు.

ప్రజా రవాణా అనగానే హైదరాబాద్ మెట్రోనో ఎంఎంటీఎస్ రైళ్లనో తలచుకోవడం పరిపాటి అయినా, నిర్ణీత మార్గంలో, ప్రకటించిన వేళకు, టికెట్ కొన్న ప్రతివారినీ ఎక్కించుకునే పల్లె వెలుగు బస్సు కూడా అచ్చంగా ప్రజా రవాణాయే. ఆ కోణంలో చూస్తే డోన్‌కు ఉన్న వసతి అదే పరిమాణంలోని చాలా పట్టణాలకు లేదు. గుంతకల్లు, కర్నూలు, నంద్యాల దిక్కుల నుంచి వచ్చే మూడు రైలు మార్గాలు ఇక్కడ కలుస్తాయి. హైదరాబాద్–బెంగళూరు మధ్య 44వ జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. ఆర్టీసీ డిపో ఊళ్లోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారడంతో, కలెక్టరేటు పనికి నంద్యాలకు, పెద్దాసుపత్రికీ పెద్ద బజారుకూ అలవాటైన కర్నూలుకు, ఇలా రెండు వైపులా తిరగవలసిన అవసరం ఇక్కడి కుటుంబాలకు ఏర్పడింది. ఊళ్లో తిరగడానికి కాళ్లో ఆటోలో చాలుతాయి గనుక, ఖర్చును నిర్ణయించేది ఊరి బయటి ప్రయాణమే.

అపోహ: బస్సు టికెట్టు కంటే పెట్రోలు చవక.

ఈ మాట చెప్పేవారు బండి ఖర్చును పెట్రోలు వరకే లెక్కించి, టికెట్టును మాత్రం పూర్తి ధరతో పోలుస్తారు. డోన్ నుంచి నంద్యాలకు పోయి రావడం సుమారు 150 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిలుకు మూడు లీటర్లు, అంటే లీటరు 110 రూపాయలు అనుకుంటే 330 రూపాయలు అవుతుంది. కానీ లక్ష రూపాయలు పెట్టి కొన్న బండి లక్ష కిలోమీటర్లు తిరిగాక పాత సామానుగా మిగులుతుందనుకుంటే, నడిచిన ప్రతి కిలోమీటరుకూ దాదాపు ఒక రూపాయి విలువ అందులోంచి కరిగిపోతూ ఉంటుంది. అరుగుదల అని లెక్కల్లో పిలిచే ఈ ఖర్చు ఆ ఒక్క రోజుకే మరో 150 రూపాయలు. టైర్లు, ఇంజన్ ఆయిలు, బీమా, సర్వీసింగు దీనికి అదనం. ఇవి రోజూ జేబులోంచి పోవు కనుక కళ్లకు కనిపించవు. అయితే బండిపై ఇద్దరు వెళ్లినప్పుడు తలసరి ఖర్చు సగానికి పడిపోతుందన్నది కూడా అంతే నిజం. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకున్న ఉచిత ప్రయాణం వర్తించక, ఆ ఇద్దరూ టికెట్టు కొనవలసిన పురుషులైతే బండే గెలిచే సందర్భాలు లేకపోలేదు.

రోజూ తిరిగేవారి విషయం వేరు. నెలవారీ సీజన్ టికెట్టు ముంబయి, చెన్నై లోకల్ రైళ్లకే ఉంటుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 150 కిలోమీటర్ల లోపు దూరానికి రైల్వే ఈ టికెట్టును అంతటా ఇస్తుంది. డోన్ నుంచి కర్నూలు, నంద్యాల, గుంతకల్లు మూడూ ఆ హద్దులోనివే. రిజర్వేషన్ పెట్టెల్లో ఎక్కడానికి మాత్రం అది పనికిరాదు.

అపోహ: ఉచిత బస్సులో మహిళలు టికెట్టు తీసుకోనక్కరలేదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీ శక్తి పథకంపై ఉన్నన్ని అపోహలు మరే ప్రయాణ వసతిపైనా లేవేమో. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల బస్సులలో రాష్ట్రంలోని బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్రం సరిహద్దుల లోపల డబ్బు చెల్లించకుండా ప్రయాణించవచ్చు. నాన్‌స్టాప్ బస్సులకూ, రాష్ట్రం దాటి వెళ్లే సర్వీసులకూ ఇది వర్తించదు. ఆధార్, ఓటరు కార్డు వంటి గుర్తింపు చూపితే కండక్టరు చేతి మిషన్‌లోంచి ‘జీరో ఫేర్ టికెట్టు’ వస్తుంది. ఆ చిన్న కాగితం మీద ఎక్కిన చోటు, దిగే చోటు, టికెట్టు అసలు ధర, ప్రభుత్వ రాయితీ, చెల్లించవలసినది సున్నా అన్న వివరాలన్నీ అచ్చవుతాయి. చార్జీని ఆర్టీసీకి ప్రభుత్వమే చెల్లించాలి గనుక, ఆ చెల్లింపుకు ఈ చీటీయే ఆధారం. ‘మనకు ఫ్రీయే కదా’ అని టికెట్టు కొట్టించుకోకుండా దిగిపోతే ఆ ప్రయాణం ఏ లెక్కలోకీ ఎక్కదు. ఒక దారిలో జనం ఎంతమంది ఉన్నారో చూసి బస్సులు వేసే వ్యవస్థకు ఆ దారి ఖాళీగా కనిపిస్తుంది. ఈ పథకం ఆటోలవారి పొట్ట కొట్టిందన్న విమర్శ నిరాధారమైనది కాదు. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టడమే అందుకు సాక్ష్యం.

అపోహ: బండి మన చేతిలో ఉంటుంది గనుక బస్సు కంటే భద్రం.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరుకు వెళుతున్న ఒక ప్రైవేటు స్లీపర్ బస్సు, డోన్–కర్నూలు మార్గంలోనే ఉన్న చిన్నటేకూరు దగ్గర రోడ్డుపై పడి ఉన్న మోటారు సైకిలును ఈడ్చుకుపోయి మంటల్లో చిక్కుకున్న దుర్ఘటన తరువాత ఈ భావన మరింత బలపడింది. అటువంటి బస్సును ఆర్టీసీ బస్సుతో ఒకే గాటన కట్టడం సరికాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, దారి పొడవునా ఎక్కించుకుంటూ దించుతూ ఎవరి టికెట్టు వారికి ఇచ్చే వాహనం స్టేజ్ క్యారేజ్. వాహనం మొత్తాన్ని ఒప్పందంపై తీసుకొని మధ్యలో ఎవరినీ ఎక్కించకుండా నడిపేది కాంట్రాక్ట్ క్యారేజ్. రాత్రిపూట దూరాలు తిరిగే ప్రైవేటు ట్రావెల్స్ చాలా వరకు ఆర్టీసీ తరహా స్టేజ్ క్యారేజ్‌లు కావు. ఇక దేశం మొత్తానికి వస్తే, 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. బస్సు ప్రమాదం పత్రిక మొదటి పేజీకి ఎక్కుతుంది; బండి ప్రమాదం జిల్లా పేజీలో నాలుగు వాక్యాలతో సరిపోతుంది.

అపోహ: నల్లటి పొగ వదిలే బస్సు కంటే బండే పర్యావరణానికి మేలు.

పొగ గొట్టం వైపు చూసి ఏర్పరచుకున్న అభిప్రాయమిది. లీటరు డీజిలుకు అయిదు కిలోమీటర్లు నడిచే బస్సులో 50 మంది ఉంటే ఆ లీటరు 250 మనిషి–కిలోమీటర్ల పని చేసినట్టు, అంటే ఒక మనిషిని 250 కిలోమీటర్లు చేర్చినంత. ఒక్కరే నడిపే మోటారు సైకిలుకు ఆ అంకె 50, కారుకు 15 లేదా 20. పదిమందితో నడిచే బస్సు మాత్రం ఒంటరి బండికి సమానమే తప్ప మెరుగు కాదు. అందువల్ల మధ్యాహ్నపు ఖాళీ ట్రిప్పును చూపించి బస్సును తప్పుపట్టేవారి మాటలోనూ కొంత పస ఉంది. ఉదయం కాలేజీ వేళ మెట్ల మీద వేలాడే జనాన్ని కూడా వారు లెక్కలో కలపాలి.

అపోహ: రైలు లేని ఊరికి బస్సు ఉన్నా లేనట్టే.

నంద్యాల జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డకు రైలు స్టేషను లేదు. 2016లో తెరుచుకున్న నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోయింది తప్ప ఆళ్లగడ్డను తాకలేదు. అయినా 40వ జాతీయ రహదారిపై నంద్యాల–కడప మధ్య నడిచే బస్సులు, సొంత డిపో ఆ ఊరికి ఉన్నాయి. అహోబిలం యాత్రికులకూ అదే ఆధారం. డోన్ నుంచి ఆళ్లగడ్డకు పోదలచినవారు బేతంచెర్ల, పాణ్యం మీదుగా రైలులో నంద్యాల చేరి, అక్కడి బస్టాండులో కడప వైపు బస్సు పట్టుకుంటారు. బస్సు తప్పితే తరువాతిది రావడానికి పట్టే సమయమే ఈ ప్రయాణంలో అసలు ఖర్చు. దాన్ని తగ్గించడం ప్రయాణికుడి చేతిలో కంటే సమయపట్టిక వేసే అధికారుల చేతిలోనే ఎక్కువగా ఉంది.