దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను

విత్తనమునకు, ఎరువునకు ముందుచూపు గల రైతు, తన తదనంతరము ఇంటివారి సంగతి ఆలోచించుటకు వెనుదీయును. ఆ మాట ఎత్తుటే అశుభమని తలచును. ఒక గ్రామములో రైతు మరణించిన పిదప పాసుపుస్తకము ఎక్కడ దాచెనో భార్యకు తెలియలేదు. బీమాలో నామినీగా వ్రాయించిన తల్లి అంతకు మునుపే కాలము చేసెను. బ్రతికియుండగా ఒక పూటలో తీరెడి పనికి ఆమె బిడ్డలతో నెలల తరబడి తిరిగెను.

తెలంగాణలో 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతు బీమాలో 18–59 ఏండ్ల పట్టాదారు ఏ కారణముచే మరణించినను నామినీకి 5 లక్షల రూపాయలు చెల్లించు ఏర్పాటు చేసిరి. కావున ఇట్టి బీమాలన్నింటను నామినీ పేరు ఏటేటా సరిచూచుకొనవలెను.

వీలునామాకు తెల్లకాగితము చాలును, స్టాంపు అక్కరలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువారు సాక్షులుగా ఉండకుండుట మేలు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని, చేయించినచో తగవులు తగ్గును. బ్రతికియున్నంత కాలము దానిని మార్చుకొనవచ్చును. హిందూ కుటుంబములలో 2005 సవరణ వలన పిత్రార్జితమున కుమార్తెకును సమాన హక్కు కలదు. కావున స్వార్జితమును, పిత్రార్జితమున తన వంతును మాత్రమే వ్రాయవలెను.

పాసుపుస్తకము, బ్యాంకు, బీమా కాగితములు, అప్పుల పట్టిక ఒక సంచిలో నుంచి ఇల్లాలికి చూపుడు. కోతలు ముగియువరకు ఆగవలదు.