మెరుపా? మన్నికా?

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి రివాల్వరుతో పనేమిటని పాఠకులు నవ్వవచ్చు. మా మామయ్య ఆ పని నా నెత్తిన పెట్టిననాడు నాకూ నవ్వే వచ్చింది.

"ఒరే అబ్బాయ్, నువ్వు పుస్తకాలు తిరగేసేవాడివి గదా! దీనికి ఏ పూత వేయిస్తే పదికాలాలు నిలుస్తుందో కనుక్కుని చెప్పు" అని ఒక గుడ్డమూట నా ముందు పెట్టాడు.

మామయ్యకు కాకినాడ దగ్గర ఒక పల్లెలో బియ్యం మిల్లు ఉన్నది. ధాన్యం కొనే రోజుల్లో డబ్బుసంచీతో పొద్దుపోయాక కాలవగట్టు వెంట రావలసి వచ్చేది. ఒకనాడు ఎవరో దారి కాచారు. అదృష్టవశాత్తు వెనకనే లారీ రావడంతో బయటపడ్డాడు. ఆ తరవాత లైసెన్సు పెట్టుకుని .32 రివాల్వరు కొన్నాడు. ఇరవై ఏళ్లుగా అది ఆయన నడుమునే ఉంటున్నది. ఇంతవరకు ఎవరిమీదా పేలలేదు.

2024 మార్చిలో ఎన్నికల ప్రకటన వచ్చింది. అట్లాంటప్పుడు లైసెన్సుదారులను ఆయుధాలు అప్పగించమనడం మామూలే. మామయ్య రివాల్వరును తోలు ఒరతో సహా అప్పగించి రశీదు పుచ్చుకున్నాడు. జూన్‌లో ఫలితాలు వచ్చినా, మిల్లు గొడవల్లో పడి ఆగస్టు దాకా దాన్ని తెచ్చుకోలేదు. తీరా తెచ్చి ఒర విప్పితే, ఒర తాకినంత మేరా ఎర్రటి తుప్పు! గుండ్లు పెట్టే సిలిండరు బలవంతాన తిప్పినా సగం తిరిగి ఆగిపోతున్నది.

"తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే" అన్నాడు మామయ్య.

"పోనిస్తురూ, ఆ ఇనపముక్కకు పూతొకటా!" అన్నది అత్తయ్య.

త్రుప్పు అనే పాత మాట నోట నలిగి తుప్పు అయిందని నేను క్లాసులో చెబుతూనే ఉంటాను గాని, ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో సరిగా తెలుసుకున్నది మాత్రం మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గరే. ఇనుముకు గాలిలోని ఆక్సిజన్, తడి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఆ తడిలో ఉప్పు ఉంటే పని మరీ చురుకుగా సాగుతుంది. మనిషి చెమటంతా ఉప్పునీరే. పైగా మాది సముద్రపు గాలి. ఇక తోలు ఒర చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. తోలు పదును చేసేటప్పుడు వాడిన లవణాలు కూడా కొంత అందులో మిగిలి ఉంటాయి. అంటే మామయ్య తన రివాల్వరును నాలుగైదు నెలలపాటు తడిగుడ్డలో చుట్టి దాచినట్టే అయింది.

అయితే దాని మీద నల్లని పూత ఉండేది గదా, అది ఏమైనట్టు? ఇక్కడే ఒక తమాషా ఉన్నది. 'బ్లూయింగ్' అనే ఆ నీలినలుపు కూడా ఒక జాతి తుప్పే! కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి, సుమారు 140 డిగ్రీల వేడిలో సలసల కాగే నీళ్లలో ఉక్కును ముంచితే పైన నల్లని ఆక్సైడు పొర కడుతుంది. ఎర్ర తుప్పు పొరలుగా ఊడి లోపలికి దారి ఇస్తుంది. ఈ నల్లది ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే కాబోలు. కాని దాని మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కనక ఆ పొర సొంత బలంతో కాపాడేది తక్కువ. పైన రాసిన నూనెను పట్టి ఉంచుతుంది, అంతే. నూనె ఆరిపోతే దాని కాపలా ముగిసినట్టే.

మామయ్య మనసు మాత్రం నికెల్ మీద ఉన్నది. తళతళ మెరిసే రివాల్వరు ఆయన పడుచునాటి సినిమా కోరిక. నికెల్ నిజంగానే గట్టి పూత. పందొమ్మిదో శతాబ్దంలోనే అమెరికాలో రివాల్వర్లకు విరివిగా వేశారు. కాని దానిలో ఒక మెలిక ఉన్నది. ఇంట్లో జింకు పూత పూసిన బకెట్టు చూడండి. గీత పడినా జింకు తాను అరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెల్ దీనికి తలకిందులు. ఎక్కడైనా సూదిమొనంత బెజ్జం పడితే తాను క్షేమంగా ఉండి, అడుగున ఉన్న ఇనుమును ఇంకా త్వరగా తుప్పు పట్టనిస్తుంది. పైకి మెరుపు ఉండగానే లోపల గుల్ల అవుతుంది, అప్పుచేసి పెళ్లి చేసిన ఇల్లులాగ.

అన్నిటిలోకి మొండిది హార్డ్ క్రోమ్. యంత్రాల పిస్టన్ రాడ్లకు వేసే పూతే ఇది. గీతలకు, రాపిడికి లొంగదు. ఒరలోంచి రోజూ తీసి పెట్టేవారికి ఇది బాగా పనికివస్తుంది. కాని పూసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసు చేయవచ్చు. అందుచేత పూత అయిన వెంటనే కొన్ని గంటలు వేడిలో ఉంచాలి. స్ప్రింగుల జోలికి అసలే పోకూడదు. కదిలే భాగాల మీద మందం ఎక్కువైతే బిగుసుకుపోతాయి. ఇది పని తెలిసినవాడు చేయవలసిన పని.

ఇవిగాక ఉక్కు చర్మంలోకే నైట్రోజన్‌ను ఎక్కించే పద్ధతి ఒకటి ఉన్నది. దానికి సుమారు 550 డిగ్రీల వేడి కావాలి. అది ఫ్యాక్టరీలో, తయారీనాడే జరిగితే మేలు. పింగాణీ రేణువులు కలిపి కాల్చే రంగు పూతలూ వచ్చాయి. చెమటకు బాగా ఆగుతాయి గాని, ఒర రాసుకునే అంచుల దగ్గర క్రమంగా అరుగుతాయి.

మరి పూతే అక్కరలేని లోహం లేదా? ఉన్నది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ అనే ఆయన, తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏ ఉక్కు వాడాలా అని వెతుకుతూ, సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు పోశాడు. మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు కథ అట్లా తుపాకి గొట్టంతో ముడిపడింది. అయినా స్మిత్ అండ్ వెస్సన్ వారు స్టెయిన్‌లెస్ రివాల్వరును అమ్మకానికి తెచ్చేసరికి 1965 అయింది. మన కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే .32 రివాల్వరును టైటానియం మిశ్రలోహంతో చేసింది. బరువు అర కిలో. కొత్తగా కొనుక్కుని రోజూ నడుమున పెట్టుకునేవారు ఇట్లాంటి లోహం చూసుకోవడమే తెలివి. స్టీలు గిన్నెలో ఉప్పునీళ్లు నిలవ ఉంచితే చుక్కలు పడడం ఇల్లాళ్లకు తెలిసిందే. కనక దాన్నయినా తుడవక తప్పదు.

ఇదంతా కాగితం మీద రాసి, "హార్డ్ క్రోమ్ వేయించండి మామయ్యా, మెరుపు లేకుండా" అని తీర్పు చెప్పాను. ఇద్దరం కలిసి తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఒక ముసలి సాయిబుగారి దగ్గరకు వెళ్లాము. ఆయన కాగితం చదివి చిరునవ్వు నవ్వాడు.

"మాస్టారూ, రాసింది బాగానే ఉంది. క్రోమ్ పని నేను చెయ్యను. చేసే కొట్టువాడికి తుపాకి లైసెన్సు లేదు. వాడికి దీన్ని ఎట్లా ఇస్తారు?"

నాకు తట్టనిదల్లా అదే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతు లైసెన్సున్నవారే చేయాలి. సాయిబుగారు భూతద్దం పెట్టి తుప్పు గుంటల పక్కన చెక్కి ఉన్న నంబరు చూపించాడు. "ఈ గుంటలు పోయేదాకా అరగదీసి మెరుగుపెడితే నంబరూ పోతుంది. నంబరు చెరిపితే నేరం. అద్దంలా మెరిపించుకుని జైలుకు వెళ్తారా?"

మామయ్య ముఖం చిన్నబోయింది. సాయిబుగారు మెల్లగా మళ్లీ అన్నాడు: "ముందు దీన్ని తిరిగేట్టు చెయ్యనివ్వండి. తిరగని రివాల్వరు నడుమున ఉంటే, అది ఉందన్న ధైర్యంతో వెళ్లకూడని చోటికి వెళ్తారు. పూత సంగతి తరవాత."

చివరకు మామయ్యకు దక్కింది నేను కాగితం మీద అట్టడుగున రాసిన పాత నల్లపూతే. గుంటలు గుంటలుగానే ఉన్నాయి. నంబరు స్పష్టంగా ఉన్నది. సిలిండరు హాయిగా తిరుగుతున్నది. ఆయనకు మూడు ఆంక్షలు పెట్టారు. రాత్రి తోలు ఒరలో ఉంచకూడదు. గుండ్లన్నీ తీసి, ఖాళీ అయిందని రెండుసార్లు చూసుకున్న తరవాతే తుడవాలి. నూనెగుడ్డతో రోజూ తుడవాలి, లోపల మాత్రం నూనె కారనివ్వరాదు. మామయ్య రోజూ ఆ పని చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు. ఏడాది దాటింది. ఎర్ర చుక్క ఒక్కటి లేదు.

మొన్న వెళ్లినప్పుడు అత్తయ్య కాఫీ ఇస్తూ, "పెళ్లయిన నాటినుంచి మీ మామయ్య ఈ ఇంట్లో తుడిచిన వస్తువు అదొక్కటే" అన్నది. నవ్వుకున్నాము. ఆమె మాత్రం నవ్వు ఆపి, "రైతుల డబ్బు ఇప్పుడు బ్యాంకులోనే పడుతున్నది గదా, ఇంకా అది ఎందుకండీ?" అని అడిగింది.

మామయ్య వెంటనే జవాబు చెప్పలేదు. గుడ్డ మడతపెట్టి, బీరువా తాళం సరిచూసుకుని, "లైసెన్సు గడువు వస్తుంది గదా, అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు.