చెరువు పూడిక, బావిలో నీరు

రైతు సోదరులారా, మీ బోరులోని నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? భూమి అడుగున ఎక్కడనో పెద్ద ఊట గలదనియు, ఇంకొక వంద అడుగులు దింపిన అది తగులుననియు పలువురు నమ్ముచున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఈ నమ్మకము ఎన్నో కుటుంబములను అప్పులపాలు చేసినది.

మన నేల క్రింద ఉన్నది గ్రానైటు రాయి. నీరు నిలుచునది పైనున్న చివికిన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. లోతుకు పోయినకొద్దీ ఆ పగుళ్ళు తగ్గును. వాటిలోని నీరును వాన ఇంకి వచ్చినదే. ఒకే పగులుపై పది బోర్లు దింపిన నీరు పదింతలు కాదు, ఉన్నదానినే పదిమంది లాగుదురు. పైగా మన రాతిలో ఫ్లోరైడు గలదు. నీరు రాతిని అంటి ఎక్కువకాలము ఉన్నకొద్దీ అది నీటిలో కరగును. నల్లగొండ పల్లెలలో వంగిన నడుములను చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

వానను ఇంకించు పని చెరువుది. తూము క్రింద పారిన మడి మాత్రమే ఆయకట్టు అనుట పాత లెక్క. చెరువు నిండిన ఏట దిగువ బావులు ఊరుట మీరెరుగుదురు. ఆ బావుల పంటయు చెరువు పంటయే.

పూడిక లెక్క చూడుడు. ఒక ఎకరము మేర ఒక అడుగు మన్ను తీసిన, చెరువు నిండినపుడెల్ల సుమారు 12 లక్షల లీటర్లు అదనముగా నిలుచును. మన్ను వృథా కాదు. ఎర్రచెల్కలో వేసిన తేమ పట్టును. అయితే ముందుగా మట్టిపరీక్ష చేయించుడు. కట్ట మొదలు త్రవ్వరాదు, కట్ట బలహీనపడును. తూము మట్టముకంటె లోతైన గుంటలోని నీరు తూమున పారదు గాని బావులకు ఊరును, కనుక అది నష్టము కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో అనేక చెరువుల పూడిక తీసిరి. కాని ప్రతి వరదయు మరల మన్ను తెచ్చును. ఒకమారు తీసితిమని ఊరకుండరాదు.

పూడిక తీసినను వరద తెచ్చు కాల్వ మూసుకొనిపోయిన చెరువు నిండదు. పంచాయతీ కార్యదర్శులు వేసవిలోనే కాల్వ వెంబడి నడచి చూడవలెను. శిఖము దున్నినవారు, కాల్వ పూడ్చినవారు తరచు ఊరిలో పలుకుబడి గలవారే యగుదురు, అందుచేత ఈ పని గ్రామసభ ఎదుట జరుగుట మేలు. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దూకిన నీరే క్రింది చెరువుకు ఆధారము. మత్తడిపై ఇసుక బస్తాలు వేసి ఎత్తు పెంచిన క్రింది ఊరి నోరు కొట్టినట్లే.

ఇక యాసంగి. వరికి సుమారు 120 సెంటీమీటర్ల నీరు కావలెను; వేరుశనగకు అందులో సగము చాలును. దసరా దాటగనే ఊరి పాతబావి ఒకదానిలో తాడుకు రాయి కట్టి నీటిమట్టము కొలిచి, గత ఏటి కొలత ప్రక్కన పంచాయతీ గోడపై వ్రాయుడు. నారు పోయుటకు ముందు ఆ గోడ చూచి ఎన్ని ఎకరములు వరి వేయవలెనో నిర్ణయించుకొనుడు.